అరసున్న లేదండి మాస్టారూ

మా డీటీపీ సెంటర్లో రెండు కంప్యూటర్లు, ఒక లేజర్ ప్రింటరు, ఒక టేబుల్ ఫ్యాను ఉండేవి. ఫ్యాను ఎప్పుడూ ప్రింటరు వైపే తిరిగి ఉండేది. మాకు చెమట పట్టినా ఫర్లేదు కానీ దానికి వేడెక్కకూడదు. అది 1998. తెనాలిలో బోసురోడ్డు మీంచి లోపలికి వెళ్ళే ఒక సందు. కింద జెరాక్స్ షాపు, మెట్లెక్కితే మేము. డిగ్రీలో రెండు సబ్జెక్టులు తప్పి ఇంట్లో ఖాళీగా తిరుగుతుంటే, మావయ్య తన స్నేహితుడి దగ్గర ఆపరేటరుగా పెట్టించాడు. నెలకి ఎనిమిది వందలు, సాయంత్రం టీ.

ఆ ఉద్యోగంలో నా ఆస్తల్లా ఒక పాత ఎల్ఐసీ డైరీ. అందులో నేను రాసుకున్నవన్నీ నంబర్లే. కీబోర్డు మీద లేని గుర్తులు కావాలంటే ఆల్ట్ నొక్కిపట్టి, కుడిచేతి వైపున్న అంకెల మీద నాలుగు నంబర్లు కొట్టాలి. 0176 కొడితే డిగ్రీ సున్న. 0169 కాపీరైట్. 0188 పావు, 0189 అర, 0190 ముప్పావు. 0149 నల్లచుక్క, 0151 పొడుగు గీత. పైవరస అంకెలు కొడితే పనిచెయ్యదు, పక్కన నమ్‌లాక్ లైటు వెలుగుతుండాలి. ఈ రహస్యం తెలియక మొదటి వారం పొడుగు గీత బదులు మూడు చిన్న గీతలు పక్కపక్కన పెట్టి, మధ్య ఖాళీలు తగ్గించి అతికించేవాణ్ణి.

ఇవన్నీ ఇంగ్లిష్ ఫాంట్లలో. తెలుగు దగ్గరకొచ్చేసరికి కథ మారిపోయేది. అప్పటి తెలుగు ఫాంట్లు నిజానికి ఇంగ్లిష్ ఇంట్లో అద్దెకున్నట్టుండేవి. కంప్యూటర్ దృష్టిలో అది ఇంగ్లిష్ అక్షరమే, బొమ్మ మాత్రం తెలుగుది. మన గుణింతాలకీ వొత్తులకీ ఆ గదులు చాలక, డిగ్రీ సున్న, అర, పావు ఉండాల్సిన చోట కూడా ఏ వొత్తో, ఏ గుడో కాపురం పెట్టేది. అందుకని తెలుగు మేటర్ మధ్యలో ½ రావాలంటే ఆ ఒక్క అక్షరం మటుకు సెలెక్ట్ చేసి, దానికి ఇంగ్లిష్ ఫాంటు ఇవ్వాలి. అంతా అయ్యాక ఎవడైనా మొత్తం మేటర్‌ని ఒక్కసారిగా సెలెక్ట్ చేసి తెలుగు ఫాంటు మార్చాడో, ఆ అర కాస్తా వొత్తయి కూర్చుంటుంది.

ఆ ఎవడో నేనే. ఒక పురుగుమందుల కొట్టువాళ్ళు కరపత్రం వేయించుకున్నారు, రెండు వేల కాపీలు. ప్రూఫు ఓకే అయ్యాక, అక్షరాలు ఇంకాస్త లావుగా ఉంటే బాగుంటుందని ఆయన వెళ్తూ వెళ్తూ అన్నాడు. మొత్తం సెలెక్ట్ చేశాను, ఫాంటు మార్చాను, బటర్ పేపర్ మీద ప్రింటు తీసి ఆఫ్‌సెట్‌కి పంపాను. ఎకరాకు ½ లీటరు అని ఉండాల్సిన చోట, ఎకరాకు ఒక వొత్తు లీటరు మందు కొట్టమని అచ్చయింది. ఏ హల్లూ లేకుండా గాల్లో వేలాడుతున్న వొత్తు. ఆ సాయంత్రం మా ఓనరు గారు నన్నేమీ అనలేదు. బాల్‌పెన్నులు అరడజను తెప్పించి నా ముందు పెట్టారు. రెండు వేల కాగితాల మీద వొత్తు కొట్టేసి, పక్కన 'అర' అని రాశాను. రాత్రి పదకొండైంది.

పెళ్ళికార్డులు ఇంకో రకం. చి॥ల॥సౌ॥ అని రాయాలి కదా, ఆ రెండు నిలువు గీతలు ఎక్కడున్నాయో తెలియక కొత్తలో ఇంగ్లిష్ చిన్న ఎల్ రెండుసార్లు కొట్టేవాణ్ణి. కాస్త దూరంనుంచి చూస్తే అలాగే ఉంటుంది. శ్లోకాల్లో వచ్చే ఽ గుర్తుకి ఇంగ్లిష్ ఎస్ పెట్టి ఊరుకునేవాణ్ణి. ఇప్పటికీ ఎక్కడైనా పాత కరపత్రాల్లో శ్లోకం మధ్యలో ఎస్ కనిపిస్తే, ఆ ఆపరేటర్ ఎవరో నా తమ్ముడే అనిపిస్తుంది.

మాస్టారు వచ్చింది ఈ రోజుల్లోనే.

రిటైరైన తెలుగు పండితుడు. తెల్ల పంచె, చేతిలో గుడ్డసంచీ. అందులోంచి అట్ట వేసిన నోటుబుక్కు తీసి రెండు చేతులతో బల్ల మీద పెట్టారు. యాభై నాలుగు పద్యాలు, కందాలు, ఆటవెలదులు, తేటగీతులు. పద్యాలకి వరస సంఖ్యలు కూడా ౧, ౨, ౩ అని తెలుగు అంకెల్లో. నల్ల ఇంకుతో, గీత గీసినట్టున్న దస్తూరీ. ముప్ఫై రెండు పేజీల పుస్తకం, రెండు వందల కాపీలు చాలన్నారు. అమ్మడానికి కాదట, తెలిసినవాళ్ళకి ఇచ్చుకోవడానికి.

కంపోజింగ్ మొదలుపెట్టిన పది నిమిషాలకే ఆగిపోయాను. మూడో మాటకో నాలుగో మాటకో అక్షరం పక్కన నెలవంకలా ఒక గీత. వాఁడు, తోఁట, వేఁడి. చిన్నప్పుడు పాత పుస్తకాల్లో చూసిందే. పేరు కూడా తెలుసు. కీబోర్డు మీద మటుకు ఎక్కడుందో తెలియదు. ఫాంటుతోపాటు ఇచ్చిన కీబోర్డు కాగితం గోడకి అతికించి ఉండేది, దాని మీద వెతికాను. కనపడలేదు. నిజానికి సరిగ్గా వెతకలేదు. పేజీ లెక్కన డబ్బులు, ఆ రోజు ఇంకా నాలుగు పెళ్ళికార్డులున్నాయి.

మర్నాడు మాస్టారు ప్రూఫు చూసుకోవడానికొచ్చారు. కళ్ళజోడు పైకి తోసి మొదటి పేజీ చూశారు, రెండో పేజీ చూశారు.

"అరసున్నలేవి అబ్బాయ్?"

"అరసున్న లేదండి మాస్టారూ, కంప్యూటర్లో."

"లేదా?"

"ఇప్పుడెవరూ వాడట్లేదు కదండీ. అందుకని తీసేశారు."

ఈ రెండో మాట నేనెందుకన్నానో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరు తీసేశారు? ఎక్కణ్ణుంచి? నాకేం తెలుసని? మాస్టారు మాత్రం కంప్యూటర్ వైపు చూశారు, డాక్టరు చెప్పింది విన్నట్టు తలూపారు. మా ఓనరు గారు అంతకు ముందు లెటర్‌ప్రెస్‌లో కంపోజిటరు. పక్క బల్ల మీంచి అందుకున్నారు. "సీసం అక్షరాల రోజుల్లో వాటి పెట్టెలో దానికో అర ఉండేది మాస్టారూ. అక్షరాలు తక్కువపడితే ఫారం ఆగిపోయేది కానీ, లేదని మాత్రం చెప్పేవాళ్ళం కాదు" అని, నా వైపు అనుమానంగా చూశారు. నేను తెర వైపు చూశాను.

మాస్టారు కాసేపు కూర్చున్నారు. నోటుబుక్కులో ఒక మాట మీద వేలు పెట్టి చూపించారు.

"ఇదేవిటో చదువు."

"ఏడు."

"ఏఁడు. అరసున్న ఉంటే సంవత్సరం. లేకపోతే ఆరు తర్వాత వచ్చేది. నోటితో అంటే రెండూ ఒకటే. కాగితం మీదే తేడా. ఇలాగే నాఁడు అంటే రోజు, నాడు అంటే దేశం. ఊరికే అలంకారానికి పెట్టలేదోయ్, ఒకప్పుడు అక్కడ నిండు సున్న ఉండేది. ఏండ్లు అంటామే, అందులో ఇంకా ఉంది చూడు. అది సగం అరిగి ఇలా మిగిలింది."

నేను బుద్ధిగా తలూపాను. అరసున్నలు మాత్రం పెట్టలేదు. ఒకటి ఒప్పుకోవాలి, బండి ఱ మాత్రం ఎక్కడుందో తెలుసు కనుక అన్నీ జాగ్రత్తగా పెట్టాను. చెఱువు, ఎఱుక, గుఱ్ఱము. దానికి మాస్టారు నన్ను మెచ్చుకున్నారు కూడా.

పుస్తకాలు అచ్చయి వచ్చాయి. రెండు కట్టలు. తీసుకెళ్ళడానికి రిక్షా పిలవమంటారేమో అనుకున్నాను. ఆయన వరండాలో కస్టమర్ల కోసం వేసిన బెంచీ మీద కూర్చుని, సంచీలోంచి ఇంకు పెన్ను తీశారు, ఒక బ్లాటింగ్ కాగితం తీశారు. మొదటి పుస్తకం తెరిచారు.

ఇంట్లో చేసుకోవచ్చు కదా అని ఓనరు గారే అడిగారు. ఇంట్లో మనవలు, ఇంకు మీద చెయ్యి పెడతారట. ఇక్కడైతే వెలుతురు కూడా బాగుందట. అలా రోజూ సాయంత్రం నాలుక్కి వచ్చేవారు. రోజుకి ఐదు పుస్తకాలు. నేను లోపల కూర్చున్న చోటినుంచి ఆయన కుడిచెయ్యి కనపడేది. పెన్ను కాగితం మీద ఆనించి, రాసినట్టు కాదు, తాకించి తీసినట్టు. గోరు చివరంత వంపు. ఎక్కడా అక్షరానికి తగిలేది కాదు. ఒక పేజీ అయ్యాక దాని మీద బ్లాటింగ్ కాగితం పెట్టి, అరచేత్తో ఒత్తి, మెల్లిగా ఎత్తి చూసుకునేవారు. ఐదింటికి నాకు టీ వస్తే ఆయనకీ ఒకటి ఇచ్చేవాణ్ణి. టీ తాగుతున్నంతసేపూ పెన్ను మూత పెట్టేవారు, మరకవుతుందని.

ఒకరోజు కూర్చుని లెక్కపెట్టాను. ఒక కాపీలో నూటయాభై పైనే ఉన్నాయి. రెండు వందల కాపీలు. ముప్ఫై వేల అరసున్నలు. నలభై రోజులు పట్టింది. చివరి రోజున ఒక పుస్తకం నాకిచ్చారు, లోపల 'చిరంజీవికి ఆశీస్సులతో' అని రాసి. నా పేరులో అరసున్న లేదు, ఉంటే అదీ పెట్టేవారు.

ఇక్కడితో అయిపోతే నాకంత బాధ ఉండేది కాదు. రెండు నెలలు పోయాక ఎవరి కార్డుకో పూర్ణకుంభం బొమ్మ వెతుకుతూ, క్యారెక్టర్ మ్యాప్ తెరిచాను. ఫాంటులో ఉన్న అక్షరాలన్నీ చిన్న చిన్న గళ్ళలో కనిపిస్తాయి అందులో. పొరపాటున ఫాంటు మన తెలుగుదే ఉండిపోయింది. కింది వరసల్లో, రెండు వొత్తుల మధ్య, నెలవంక. మౌస్ నొక్కిపడితే పెద్దదై కనిపించింది. అదే. కీబోర్డు కాగితం మీద దానికి చోటివ్వలేదు, అంతే. ఆల్ట్ పట్టుకుని నాలుగు అంకెలు కొడితే వచ్చేది.

డైరీలో ఆ నంబరు రాసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. మాస్టారు మార్కెట్ దగ్గర రెండు మూడుసార్లు ఎదురుపడ్డారు. "ఏమోయ్, బాగున్నావా?" అని అడిగేవారు. బాగున్నానండీ అనేవాణ్ణి. డిగ్రీ పూర్తయింది, నేను హైదరాబాద్ వచ్చేశాను.

2007 ప్రాంతంలో యూనికోడ్‌తో పరిచయమైంది, అంటే ప్రతి భాషలోని ప్రతి అక్షరానికీ తనదైన నంబరు ఇచ్చే పద్ధతి. ఆఫీసు కంప్యూటర్లో ఎక్స్‌పీ, అందులో గౌతమి ఫాంటు. లేఖిని అనే వెబ్‌సైటులో ఇంగ్లిష్ అక్షరాలు కొడుతుంటే పక్కన తెలుగు వచ్చేస్తుంటే, డీటీపీ చేసినవాడికి కలిగే ఆశ్చర్యం వేరు. ఫాంటు మారిస్తే మేటర్ చెడిపోదు. వేరే సిస్టంలో తెరిస్తే పిచ్చిగీతలు రావు. ½ ½గానే ఉంటుంది, ఎవడు ఎన్నిసార్లు ఫాంటు మార్చినా సరే. ఆ రోజు ఇది చూసి నేను నవ్వుకుంటుంటే పక్క సీటువాడికి అర్థం కాలేదు.

ఇక్కడా గుర్తుల కోసం కొత్త డైరీ మొదలైంది. నన్ను ఎక్కువగా సతాయించింది కనపడని గుర్తు. రాజ్‌కుమార్ అనే స్నేహితుడి పేరు కొడితే రాజ్కుమార్ అని, జ కింద క వొత్తు వచ్చి కూర్చునేది. హైదరాబాద్‌లో అంటే హైదరాబాద్లో. మధ్యలో ఖాళీ వదిలితే మాట రెండు ముక్కలవుతుంది. దానికి మందు ఒక అక్షరమట, దానికి వెడల్పు సున్న, కంటికి కనపడదు, పక్కపక్క అక్షరాలు అతుక్కోకుండా మధ్యలో నిలబడుతుంది. జీరో విడ్త్ నాన్ జాయినర్. లేఖినిలో ^ కొడితే వస్తుంది, వెబ్ పేజీ కోడులో అయితే ‌ అని రాయాలి. కొన్నాళ్ళు ఆ పిచ్చిలో పడి అవసరం లేని చోట్ల కూడా పెట్టేశాను. కనపడదు కదా, ఎక్కడ పెట్టానో నాకే తెలిసేది కాదు. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' కనపడగానే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిన గొడవ గుర్తుందా? ఆ వరసలో ఞకీ దీర్ఘానికీ మధ్య దూరి ఉన్నది ఈ కనపడని మహానుభావుడే. తర్వాత అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. నేను మాత్రం నా పాత ఫైళ్ళన్నీ ఒకసారి వెతికి చూసుకున్నాను, ఎందుకైనా మంచిదని.

2010లో రూపాయి గుర్తు వచ్చింది, జూలైలో కేబినెట్ ఒప్పుకుంటే అక్టోబరుకల్లా యూనికోడ్‌లో చేరిపోయింది. వర్డ్‌లో ఆల్ట్ 8377. దాని గురించి అందరూ రాశారు, వదిలేస్తాను.

అరసున్న సంగతి చెప్పాలి. యూనికోడ్ తెలుగు పట్టిక మొదటిసారి తెరిచి చూసినరోజు, అ ఎక్కడుందా అని చూశాను. అది ఐదో నంబరు. మరి దానికంటే ముందేమున్నాయి? మూడు విసర్గ, రెండు సున్న, ఒకటి అరసున్న. మొత్తం యూనికోడ్ లెక్కలో దాని నంబరు 3073. అప్పటికి పట్టికలో మొట్టమొదట నిలబడిన గుర్తు అదే, 'అ' కన్నా ముందు. అక్కడ దాన్ని చంద్రబిందు అన్నారు, పక్కనే అరసున్న అని కూడా రాసి ఉంది. ఇంకా కిందికి చదివితే, తెలుగుకి ఈ గళ్ళు 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే ఇచ్చారని ఉంది. అంటే నేను మాస్టారితో "కంప్యూటర్లో లేదండి, తీసేశారు" అన్న రోజుకి ఏడేళ్ళ ముందే దానికి అగ్రస్థానం ఇచ్చి కూర్చోబెట్టారన్నమాట. మన దంత్య ౘ, ౙలకీ, ఎస్ పెట్టి నెట్టుకొచ్చిన ఽ గుర్తుకీ 2008 దాకా చోటు దొరకలేదు. అరసున్నకి మాత్రం మొదటి రోజే దొరికింది.

పోయినేడాది వేసవిలో మా అమ్మ ఇల్లు సర్దుతుంటే మాస్టారి పుస్తకం బయటపడింది. కాగితం పసుపెక్కింది. అచ్చు అక్షరాలు కాస్త వెలిశాయి, లేజర్ ప్రింటుతో మేం ఎంత పొదుపు చేశామో తెలుస్తోంది. ఇంకు మాత్రం నల్లగా అలాగే ఉంది. మాస్టారు పోయి చాలాకాలమైంది. కూర్చుని మొత్తం యూనికోడ్‌లో కొడదామనుకున్నాను. రోజుకి ఐదు పద్యాలు.

లేఖినిలో అరసున్నకి @, దాని పక్కన పెద్ద ఎం. వర్డ్‌లో అయితే ఆల్ట్ 3073. మొదట్లో ఒక్కొక్కటీ వెతుక్కుంటూ కొట్టాను, మూడోరోజుకి చేతికి అలవాటైంది. ఆయన పెన్ను తాకించిన చోటల్లా నేను కొట్టుకుంటూ పోయాను. కొన్నిచోట్ల వంపు కాస్త పెద్దదిగా ఉండేది, కొన్నిచోట్ల చుక్కలా. సాయంత్రం పూట వెలుతురు తగ్గాక పెట్టినవేమో.

నలభై ఒకటో పద్యం ఆటవెలది. 'ఏడు గడచి వచ్చె నింటికి' అని మొదలు. ఏడు మీద పెన్ను గుర్తు లేదు. పద్యంలో మిగతా అరసున్నలన్నీ ఉన్నాయి, ఇదొక్కటే లేదు. అంతకు ముందు పందొమ్మిదో పద్యంలో ఏఁడుకి పెట్టారు, ఆ రోజు నాకు వేలు పెట్టి చూపించింది దాన్నే. ఇక్కడ ఎందుకు లేదు? ముప్ఫై వేలు పెట్టిన మనిషి, ఒకటి వదిలేసి ఉంటారు, అంతే కదా. ఛందస్సు సాయం చేస్తుందేమోనని గణాలు వేసి చూశాను. అరసున్న ఉన్నా లేకపోయినా ఏడు గలమే, లెక్క మారదు. నిండు సున్న అయితే అక్షరం గురువవుతుంది కానీ ఈ సగం సున్న గణానికి అడ్డురాదు. సరే, మాస్టారు మర్చిపోయింది నేను పెడతానని, @ కొట్టి పెద్ద ఎం కొట్టాను. ఏఁడు గడచి వచ్చె నింటికి. బాగుంది. నా బాకీలో కొంత తీరినట్టనిపించింది కూడా.

రాత్రి పడుకున్నాక ఎందుకో కుదురుగా లేదు. మర్నాడు అమ్మనడిగి, వాళ్ళనీ వీళ్ళనీ పట్టుకుని, గుంటూరులో ఉంటున్న మాస్టారి అమ్మాయి నంబరు సంపాదించాను. ఫలానా డీటీపీ సెంటర్ కుర్రాణ్ణి అంటే గుర్తుపట్టలేదు, బెంచీ మీద అరసున్నలు అనేసరికి గుర్తుపట్టారు.

"అక్కా, నలభై ఒకటో పద్యంలో ఇంటికొచ్చింది ఎవరు?"

"అన్నయ్య. నాన్నతో గొడవపడి బొంబాయి వెళ్ళిపోయాడులే. దాని మీద రాశారు."

"ఏడాదికి తిరిగొచ్చారా?"

"ఏడాదా? నేను తొమ్మిదో తరగతిలో ఉండగా వెళ్ళాడు తమ్ముడూ. నా పెళ్ళికి వచ్చాడు. ఏడేళ్ళు."

కాసేపు ఆ మాటా ఈ మాటా మాట్లాడి ఫోన్ పెట్టేశాను. ఫైలు తెరిచి, కర్సర్‌ని ఆ నెలవంక పక్కకి తీసుకెళ్ళి, బ్యాక్‌స్పేస్ ఒక్కసారి కొట్టాను.